ఏడో నంబరు ప్రెస్సు

తెర మీద మ్యాపు పెట్టి
తయారీని ఇంటికి తీస్కపోతున్నం అన్నడు పెద్దసారు.
ఇంటికి అన్నప్పుడు గొంతు జర మెత్తబడ్డది.
గుల్ జమాన్ నా చెవిల అడిగిండు:
ఎవలింటికి?

హమ్రియాల, సముద్రం దిక్కు చివరి షెడ్డు మాది.
పదకొండేండ్లు తలుపు కీళ్లు చేసినం.
రేకు ఒక దిక్కుంచి లోపలికి పోతది,
రెండు రెక్కలై, నడుమ పుల్ల తొడుక్కొని
ఇంకో దిక్కుంచి బయటికొస్తది.
దినానికి ఆరు వేలు.
ఇన్ని కీళ్లు చేసెటోనివి
నీ మోకాలి కీలొక్కటి బాగుచేస్కోరాదురా
అని ఫోన్ల మా చిన్నక్క ఎక్కిరిచ్చేది.

అన్ని ప్రెస్సులు జర్మనీల పుట్టినయే,
ఏడోది తప్ప.
దాన్ని ఇక్కడనే కట్టినం.
చెడిపోయిన మూడింటి ముక్కలు,
అజ్మాన్ తుక్కు బజార్ల బేరమాడి తెచ్చిన చక్రం.
ఆ ఎండకాలం టెక్ బహదూర్ ముక్కుల నెత్తురు కారింది,
పని మాత్రం ఆగలే.
చలి అంటే ఏందో ఎరగని మిషిను.
దానికి కూడ ఇల్లు అక్కడనేనట.

విప్పుడు పని మాకే పడ్డది.
బోల్టుకో సంచి, సంచికో నంబరు.
డబ్బాల లోపట మెత్తటి స్పాంజి,
చెమ్మ తగలకుండ తెల్లటి పొట్లాలు.
డబ్బా మీద ఒక బిళ్ల అతికిస్తరు,
దారిల ఎక్కడన్న కిందపడితే ఆ బిళ్ల ఎర్రబడుతదట.
షఫీకుల్ ఒకటి తన అంగీకి అతికిచ్చుకొని
రెండు దినాలు తిరిగిండు.
ఎర్రబడలే.

ఆఖరి వారం లీనస్ అనే పిలగాడు కెమెరాతోని దిగిండు.
నీ పద్ధతి చూపియ్యి లింబాద్రీ, అన్నడు.
పేరు మొత్తం పలికిండు, మెచ్చుకోవాలె.
వీడియోల నేను మణికట్ల దాకనే ఉన్న.
అన్నీ చెప్పిన, దాచుకునుడు నాకు రాదు.
డై కింద చాయిపత్తా డబ్బా రేకు
మడతపెట్టి ఇరికిస్తనని,
ఆగస్టు ఉక్కపోతల దాన్ని తీసేస్తనని,
మూడో దెబ్బకు సప్పుడు మారితే
చెవి పెట్టి ఇనాలెనని.
చెవిని ఎట్ల రాయాలె? అన్నడు లీనస్.
నేను కూడ ఆలోచన చేసిన.
కాయితం మీద ఆ గడి ఖాళీగనే ఓడెక్కింది.

లెక్క సాఫ్ చేసిండ్రు, అబద్ధమాడొద్దు,
పైసా తక్కువ చెయ్యలే.
రొవెనా మనీలా పోయింది.
షఫీకుల్ కల్లివెల్లి అయిండని ఒకలు,
కాదు, ఫుజైరాల కూరగాయల డబ్బాలు మోస్తుండని ఒకలు.
నేను షార్జాల తలుపులు బిగిచ్చే పనిల చేరిన.

మొన్న ఒక కొత్త విల్లా. నలభై రెండు తలుపులు.
అట్టపెట్టె చింపితే అవే కీళ్లు!
పెట్టె మీద ఆళ్ల ఊరి పేరు పెద్దపెద్ద అచ్చరాల,
ధర రెండింతలు.
ఒకటి తీసి చెవికాడ పెట్టుకొని మడిచిన.
ఒకటి. రెండు.
మూడో మడతకు సన్నగ కిర్రుమన్నది.

ఇది ఏడో దానిదే.
రేకుముక్క పారేసినట్టుండ్రు,
చెత్త అనుకున్నరో ఏమో.

తలుపు బిగిస్తే అది కూడ అట్లనే అరిచింది.
సూపర్వైజర్ ఉరికొచ్చిండు.
మాలు మంచిదే, నీ చెయ్యే బాగలేదు,
ఏడికెళ్లి వచ్చిందో పెట్టె మీద సదువు, అన్నడు.
సదివిన.

మోకాలికి రాసుకునే నూనె సంచిల ఉండె.
రెండు సుక్కలు ఏసి
తలుపును అటూ ఇటూ ఊపిన.
ఇంకా జర అంటనే ఉన్నది.
నలభై ఒక్కటి ఉన్నయి.